కాంటొనీస్ 4వ పాఠం: ధరలు, అంతకంటే ముందు ‘పాక్ యీ’ సంగతి

పోయిన పాఠం అభ్యాసంలో ‘పాక్ యీ’కి చాలామంది 102 అని రాశారు. కాదండీ, అది 120. దీన్ని సరిచేసుకోకుండా హాంకాంగ్ బజారుకు వెళ్తే ప్రతి ధరా తప్పే వినబడుతుంది.

మనకు వంద (పాక్) పక్కన రెండు (యీ) అనగానే 102 తడుతుంది. వాళ్లకు అలా కాదు, వంద తర్వాత ఒక్క అంకె చెప్పి ఆపేస్తే అది పదుల స్థానానిది. సామ్ పాక్ ఙ్ అంటే 350. వెయ్యి తర్వాత అయితే వందలది: ఛిన్ యీ 1,200, సామ్ ఛిన్ ఙ్ 3,500. పదివేల తర్వాత అయితే వేలది: పాత్ మాన్ సామ్ 83,000. మరి 102? మధ్యలో ‘లింగ్’ (సున్నా) పలికి తీరాలి: యత్ పాక్ లింగ్ యీ. 3,005 అయితే సామ్ ఛిన్ లింగ్ ఙ్. లింగ్ వినబడలేదంటే అది 102 కానే కాదు, ఇంకోసారి చదవండి.

ఇక ధరలు. డాలరుకు వాడుక మాట ‘మన్’. సప్ మన్ 10 డాలర్లు, లోంగ్ మన్ 2, కానీ 12 మాత్రం సప్ యీ మన్. పదివేల ‘మాన్’ దీర్ఘం, ఇది హ్రస్వం, ఈ తేడా మనకు కష్టం కాదు. చిల్లర ఉంటే మన్ బదులు ‘కో’ వస్తుంది, అక్కడా పై సూత్రమే: సామ్ కో ఛత్ 3.70. అన్నిటికంటే చిన్న నాణెం 10 సెంట్లది కాబట్టి 3.07 అనే అనుమానమే అక్కర్లేదు. సగానికి ‘పున్’: సామ్ కో పున్ 3.50, ఉత్త కో పున్ 1.50.

రోమన్ లిపి పుస్తకాలు చూసి వందను ‘బాక్’ అంటున్నవాళ్లు దయచేసి మానండి. అక్కడ బి అని రాసేది మన ‘ప’నే, జి అని రాసేది మన ‘క’నే. అందుకే నేను తెలుగులోనే రాస్తాను.

‘ఎంత?’ అనడానికి కేయ్ తో ఛిన్. ఈ ఛిన్ వెయ్యి కాదు, డబ్బు, స్వరం పైకి లేవాలి. కూరలు, చేపల దగ్గర నాకైతే ‘తిమ్ మాయ్?’ (ఎలా అమ్ముతున్నారు?) నచ్చుతుంది. జవాబు తరచు ‘కన్’ లెక్కన వస్తుంది, అంటే సుమారు 600 గ్రాములు. తగ్గించమనడానికి ‘ప్హెంగ్ తీ లా’, సూపర్ మార్కెట్లో మాత్రం అడక్కండి.

అభ్యాసం: 140, 104, 1,400, 1,040, 14,000, 10,400, 2.20, 12.50. చూడకుండా, ఆగకుండా, పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ గట్టిగా చెప్పండి. 2.20లో ముందు లోంగ్, వెనక యీ. 10,400 దగ్గర తడబడితే మళ్లీ 140 నుంచి మొదలుపెట్టండి.