పాత సిస్టమ్‌లో లైనక్స్ మొరాయిస్తే: తేడా ఎక్కడుందో చూద్దాం

విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, పాత డ్యుయల్ కోర్ డెస్క్‌టాపుల్లో అది ఉండదు. అందుకని ఎరువుల కొట్లలో, రొయ్యల మేత దుకాణాల్లో బిల్లులకు వాడే పాత సిస్టమ్‌లకు విండోస్ బదులు లుబుంటు, ఎమ్‌ఎక్స్, యాంటిఎక్స్ లాంటి తేలికపాటి లైనక్స్ (ఉచితంగా దొరికే ఓఎస్) ఎక్కించుకోవచ్చు. చిక్కల్లా ఆ తర్వాతే. ఏం తేడా చేసినా "లైనక్స్ పడలేదండీ" అనేస్తారు. సిస్టమ్ ఏ దశలో ఆగిందో చూస్తే నింద ఎవరి మీద వెయ్యాలో తెలుస్తుంది.

బీప్‌లు కొడుతోంది, తెర మీద ఏమీ రాదు

ఇంకా హార్డ్ డిస్క్ దాకా వెళ్లనే లేదు కాబట్టి దీనికి లైనక్స్‌తో సంబంధం లేదు. మన కోనసీమ వైపు ముసురు పట్టిన రోజుల్లో ఎక్కువగా అనుమానించాల్సింది ర్యామ్‌ని. అంతర్వేది, ఓడలరేవు దగ్గరి ఊళ్లలో తేమకు ఉప్పు గాలి కూడా తోడవుతుంది. కరెంటు వైరు పీకేసి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకుని, ర్యామ్ బయటకు తీయండి. కింది అంచున ఉన్న బంగారు రంగు గీతలను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొట్టు దులిపి, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పడేదాకా నొక్కండి.

పెన్‌డ్రైవ్ పెడితే "ఈ కెర్నల్‌కి ఎక్స్86-64 సీపీయూ కావాలి" అన్న అర్థంలో ఇంగ్లిష్ మెసేజ్

ప్రాసెసర్ 32 బిట్‌ది. లుబుంటు 19.04 నుంచి 64 బిట్‌కే వస్తోంది. యాంటిఎక్స్ 23లోనో ఎమ్‌ఎక్స్ 23లోనో 32 బిట్ ఫైలు దించుకోండి.

కరెంటు పోయి వచ్చాక నల్ల తెర, "ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్" అని ఆగిపోయింది

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అంటే లైనక్స్ పూర్తిగా లేవకముందు నడిచే చిన్న తాత్కాలిక ఏర్పాటు. డిస్క్ మీద ఏదో రాస్తుండగా కరెంటు పోయింది. లైనక్స్ డిస్క్ మీద ఫైళ్లు సర్దుకునే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ చిన్న గాయాలను తన జర్నల్ (రాతల చిట్టా) చూసుకుని తానే మాన్పుకుంటుంది. దెబ్బ పెద్దదైతే మనిషి చెప్పేదాకా కదలదు. కంగారుపడి ఫార్మాట్ కొట్టించకండి, లెక్కలన్నీ లోపలే ఉంటాయి.

ముందు చెవి పెట్టి వినండి. డిస్క్ టిక్కుటిక్కుమంటుంటే ఏమీ ముట్టుకోకుండా ఆపేసి, డేటా తీసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. చప్పుడు మామూలుగానే ఉంటే, ఆ తెర మీదే పై వరసల్లో డెవ్, దాని తర్వాత ఎస్‌డీఏ1 లాంటి పేరు ఉంటుంది. ఎఫ్, ఎస్, సి, కె కలిపి కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్ వెంటనే వై కొట్టి, మళ్లీ ఖాళీ వదిలి, ఆ పేరును డెవ్‌తో సహా, గీతలతో సహా తెర మీద ఉన్నది ఉన్నట్టు దించేయండి. ఎంటర్ నొక్కితే తప్పులు సరిచేసుకుంటూ పోతుంది. అయ్యాక ఎగ్జిట్ అని కొట్టండి.

కొన్నాళ్లకే మళ్లీ అదే వస్తే, డిస్క్స్ అనే ప్రోగ్రామ్‌లో డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ వివరాలు చూడండి. రీఎలొకేటెడ్ (పాడై పక్కన పెట్టినవి), పెండింగ్ (చదవడం కష్టమవుతున్నవి) సెక్టార్ల అంకెలు పెరుగుతుంటే డిస్క్‌కి రోజులు దగ్గర పడ్డట్టే, ముందు బ్యాకప్ తీసుకోండి. సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా దారిలో చెడిపోయిన సార్లు) అంకె ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ కన్నా ముందు దాన్ని బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి. తరచూ కరెంటు తీసే ఊళ్లో యూపీఎస్ లేకుండా డెస్క్‌టాప్ నడపడం, ఏ ఓఎస్ అయినా సరే, మొండితనమే.

నెట్ ఉంది, వాట్సాప్ వెబ్ నుంచి బ్యాంకు దాకా ఏ సైటూ తెరుచుకోదు

కింద మూలన తేదీ చూడండి. ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ అయిపోయింది. సైట్ల సర్టిఫికెట్లకు గడువు తేదీలుంటాయి. మీ గడియారం తప్పైతే బ్రౌజర్ వాటిని నమ్మదు, "కనెక్షన్ ప్రైవేట్ కాదు" అంటుంది. పాపం, తిట్లు మాత్రం నెట్ కుర్రాడికి. నెట్ తగలగానే టైమ్ తనంతట తానే సరిచేసుకునే ఏర్పాటు కొన్ని తేలిక లైనక్స్‌లలో ఆన్ చేసి ఉండదు, అది ఆన్ చేసుకోండి. అసలు మందు మాత్రం సీఆర్2032 బ్యాటరీ. వాచీల కొట్లో కూడా దొరుకుతుంది. మార్చాక బయోస్‌లోకి (సిస్టమ్ ఆన్ కాగానే వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి తేదీతో పాటు బూట్ వరస (ముందు ఏ డిస్క్ నుంచి మొదలవ్వాలన్నది) కూడా సరిచూడండి.

డెస్క్‌టాప్ చకచకా వస్తుంది, బ్రౌజర్ తెరవగానే నత్తనడక

హార్డ్ డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతోందా? ర్యామ్ నిండిపోయి, మిగిలినది డిస్క్ మీద పెట్టుకుంటోందన్నమాట. లైనక్స్ తేలికైనా ఇవాళ్టి వెబ్‌సైట్లు తేలిక కావు. 2 జీబీ ఉంటే 4 చేయండి. కొనేముందు మీ ర్యామ్ రకం డీడీఆర్2నో 3నో చూసుకోండి, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు. జీ31 చిప్‌సెట్ బోర్డు అయితే 4 జీబీకి మించి తీసుకోదు. అప్పుడు జీరామ్ (డేటాను కుదించి ర్యామ్‌లోనే పెట్టుకునే ఏర్పాటు) ఆన్ చేసి, చిన్న ఎస్‌ఎస్‌డీ వేసుకోవడమే దారి.

తెలుగు బదులు డబ్బాలు కనిపిస్తున్నాయి

ఫాంట్ లేదు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో నోటో ఫాంట్లు వేసుకుంటే సరిపోతుంది. టైపింగ్‌కి ఐబస్ ఎమ్17ఎన్ అనే ప్రోగ్రామ్ వేస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తుంది.

పెళ్లి కార్డులు, కరపత్రాలు వేసే డీటీపీ షాపు సంగతి వేరు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన పాత ఫైళ్లు యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా చదవగలిగే అక్షర పద్ధతి) కావు, లైనక్స్‌లో వాటితో పని జరగదు. ఆ సిస్టమ్‌ని నెట్ నుంచి విడదీసి పాత విండోస్‌తోనే ఉంచండి. లైనక్స్ పక్క సిస్టమ్‌కి ఎక్కించుకోండి.