భోగికి ముందు అటక దించేటప్పుడు

అటక మీది సామాను భోగికి వారం ముందే దించండి. పండగ హడావిడిలో ఏది పారేస్తున్నామో తెలియదు.

– ముక్కుకు గుడ్డ కట్టుకోండి. అట్టపెట్టెలో చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడండి, తేళ్లు ఉండొచ్చు.

– బట్టలు ఇచ్చే ముందు ప్రతి జేబూ వెతకండి, ప్రతి చీర మడతా విప్పండి. మా అమ్మమ్మ పట్టుచీర మడతలో, పసుపంటిన చిన్న గుడ్డమూటలో జత బుట్టకమ్మలు దొరికాయి. నిమిషం ఆలస్యమైతే ఆ చీర స్టీలు గిన్నెలవాడి మూటలోకి వెళ్లిపోయేదే.

– కాగితాలు తూకానికి వేసే ముందు పట్టాదారు పాసుపుస్తకాలు, టెన్త్ సర్టిఫికెట్లు పక్కన పెట్టండి. ఆధార్ జిరాక్సులు చింపేయండి.

– పాత ఫోన్‌లోని ఫొటోలు వేరేచోట దాచుకోండి. సిమ్, మెమరీ కార్డు తీసి, గూగుల్ అకౌంట్ తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

– చిరిగినవి ఎవరికీ ఇవ్వకండి. ఉతికి, ఊడిన గుండీలు కుట్టి, మడతపెట్టి ఇవ్వండి. తీసుకునేవాళ్లు మనలాంటివాళ్లే కదా.

– పెద్దవాళ్ల వస్తువులు వాళ్లనడగకుండా కదపొద్దు. విరిగిన పీటైనా సరే.

– మిగిలిన ప్లాస్టిక్, టైర్లు భోగిమంటలో వేయొద్దు. ఆ పొగ పిల్లలు పీలుస్తారు.