నిల్వ అరటిలో బూజు తెచ్చే మార్పులు – నాలుగో పాఠం: దేనితో పోల్చాలి?

ఈ పాఠంలో చక్కెరలు కొలుద్దామనుకున్నాను. మంచి అరటినీ బూజు పట్టిన అరటినీ కోసి అయోడిన్ పూసి పోల్చమన్న కిందటి అభ్యాసానికి మీరు పంపిన ఫలితాలు చూశాక ఆ పని వాయిదా వేశాను. చాలామంది ఒకే మాట రాశారు: ‘మంచి పండులో పిండిపదార్థం నిండా ఉంది, బూజు పట్టిన పండులో లేదు. కాబట్టి బూజు దాన్ని తినేసింది.’ అయోడిన్ పరీక్ష చక్కగానే చేశారు; పిండిపదార్థం ఉన్నచోట అయోడిన్ నీలినలుపుగా మారుతుంది. నీలినలుపు ఎక్కడ పట్టిందో, ఎక్కడ పట్టలేదో సరిగ్గానే చూశారు. తప్పు కత్తి పట్టకముందే జరిగిపోయింది: మంచి పండును ఫ్రిజ్‌లో దాచారు. దాచవద్దని నేను ముందే చెప్పవలసింది, చెప్పలేదు.

పచ్చి అరటి గుజ్జులో సుమారు 20 నుంచి 25 శాతం పిండిపదార్థమే ఉంటుంది. బాగా మాగేసరికి అది ఒకటి రెండు శాతానికి దిగుతుంది. తగ్గినదాంట్లో ఎక్కువ భాగం చక్కెరగా మారుతుంది, కొంత శ్వాసక్రియలో ఖర్చవుతుంది. దీనికి బూజు అక్కర్లేదు, కాయ తన సొంత ఎంజైములతోనే చేసుకుంటుంది. ఫ్రిజ్ చలిలో ఈ మార్పు కుంటుపడుతుంది. తొక్క నల్లబడుతుంది గాని లోపల సరిగా మాగదు. అంటే మీరు మాగిన పండును మాగనివ్వని పండుతో పోల్చారు. బూజు సంగతి ఆ పోలికలోకి రానే లేదు.

ఇంకొందరు ఫ్రిజ్ జోలికి పోకుండా రెండు పండ్లనూ ఒకే బుట్టలో ఉంచారు. ఇదీ పనికిరాదు. బూజు సోకిన అరటి నుంచి ఇథిలీన్ వాయువు ఎక్కువగా వెలువడుతుంది. పక్కనున్న మంచి కాయ దాన్ని పీల్చి తానూ తొందరగా మాగుతుంది. అప్పుడు రెండింటికీ తేడా కనిపించదు, ‘బూజు వల్ల ఏ మార్పూ లేదు’ అని రాసేస్తారు. రావులపాలెం మార్కెట్లో కుళ్ళిన కాయను గెలలో ఉండనివ్వరు. మీ బుట్టలోనూ ఉండకూడదు.

మూడో పొరపాటు మీద నాకు పట్టుదల ఎక్కువ. సూదితో గుచ్చి బూజు ఎక్కించిన కాయను గుచ్చని కాయతో పోల్చవద్దు. గాయం తగిలితే చాలు, అరటి ఇథిలీన్ విడుదల పెంచుతుంది, శ్వాసక్రియ వేగం పెంచుతుంది. గాయం అంచున పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము తొక్కలోని డోపమైన్ అనే పదార్థాన్ని గోధుమరంగుకు మారుస్తుంది. ఇవన్నీ సూది చేసిన పనులు. గుచ్చి, కాచి చల్లార్చిన నీళ్ళు మాత్రమే పెట్టిన కాయ లేకపోతే వీటన్నిటినీ బూజు ఖాతాలో రాస్తారు. ఆ నీళ్ళ కాయే మీకు అసలు జత, అంటే బూజు కాయను పోల్చవలసిన కాయ. గుచ్చని కాయ దానికి తోడు మాత్రమే. రెండిట్లో ఒకటే పెట్టగలిగితే నీళ్ళ కాయనే పెట్టండి. ఒకే గెల, ఒకే అత్తం (గెలలో ఒక వరుస కాయలు), పక్కపక్క కాయలు కావాలి. పై అత్తం కాయకూ చివరి అత్తం కాయకూ వయసు వేరు, లావు వేరు. చక్కెరకేళి రకాన్ని గ్రాండ్ నైన్ రకంతో పోల్చకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

జతగా పెట్టిన కాయ మీదా మచ్చలు వస్తే దిగులుపడకండి. ఆంత్రాక్నోస్ అనే మచ్చల తెగులు తెచ్చే కొల్లెటోట్రైకమ్ మ్యూసే అనే బూజు తోటలోనే పచ్చి కాయ తొక్కను పట్టుకుని, పండే దాకా అణగి ఉంటుంది. అలాంటి కాయను లెక్కలోంచి తీసేసి, ఆ సంగతి పుస్తకంలో రాయండి.

ఇక ముక్కను చూడడం. మంచి కాయను అడ్డంగా కోసి అయోడిన్ పూస్తే, మాగుతున్నకొద్దీ రంగు నడిమధ్య నుంచి బయటికి తగ్గుతూ వస్తుంది. తొక్క దగ్గరి గుజ్జులో చివరిదాకా నిలుస్తుంది. బూజు కాయలో గాయం కిందనే చూడండి. తొక్క పక్కన, నల్లగా ఉండవలసిన చోట వెలిసిన అర్ధచంద్రం లాంటి మచ్చ కనిపించి, నీళ్ళ కాయలో అదే చోట కనిపించకపోతే, అప్పుడు బూజు వదిలిన అమైలేజ్‌ను, అంటే పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైమును, అనుమానించవచ్చు. నేను మందుల షాపులో దొరికే పోవిడోన్ అయోడిన్‌నే పది పాళ్ళ నీళ్ళలో కలిపి వాడతాను. ప్రయోగశాల ద్రావణం కోసం ఆగనక్కర్లేదు.

వచ్చే పాఠానికి చేతి రెఫ్రాక్టోమీటర్ (రసంలో కరిగి ఉన్న పదార్థం ఎంతో చూపే పనిముట్టు) కావాలి. ఇప్పుడే ఒక హెచ్చరిక: అది చూపే బ్రిక్స్ అనే అంకె అంతా చక్కెర కాదు. బూజు పాలీగాలక్టురోనేజ్ అనే ఎంజైముతో, పండు కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను తెగ్గొట్టినప్పుడు నీటిలో కరిగే ముక్కలూ ఆ అంకెలో కలుస్తాయి. చక్కెరను బూజు తింటున్నా అంకె ఆ మేరకు తగ్గకపోవచ్చు.

అభ్యాసం: ఒకే అత్తం నుంచి 13 పచ్చి కాయలు తీసుకోండి. ఒకటి ఈ రోజే కోసి అయోడిన్ పూయండి. మిగిలిన 12 కాయల్ని పక్కపక్కన ఉన్నవి మూడేసిగా నాలుగు జట్లు చేయండి. ప్రతి జట్టులో ఒకటి గుచ్చనిది, ఒకటి గుచ్చి నీళ్ళు పెట్టినది, ఒకటి గుచ్చి బూజు పెట్టినది. బూజు కోసం ఆంత్రాక్నోస్ మచ్చ మీద తేలే నారింజ-గులాబీ రంగు జిగురు ముద్ద చాలు, సూదిమొన అంత తీసి చుక్క నీటిలో కలపండి. మూడు రకాలనూ మూడు వేరు పెట్టెల్లో, గాలి ఆడేలా, దూరదూరంగా, గది వేడిలోనే ఉంచండి. 1, 3, 5, 7 రోజుల్లో ఒక్కో జట్టు కోసి, అయోడిన్ పూయకముందు ఒకటి, పూశాక ఒకటి ఫొటో తీయండి. కోసే ముందు ప్రతి కాయనూ తూచండి. వంటగదిలో చేయవద్దు, ఏ కాయనూ తినవద్దు, అయ్యాక అన్నిటినీ మట్టిలో పూడ్చండి. పన్నెండు ఫలితాలూ లేకుండా మూడు మాత్రమే పంపితే చూడను.