కేటలాగులో ఉన్నా వెతికితే దొరకని థీసిస్: సమస్య - పరిష్కారం

ఎలక్ట్రానిక్ థీసిస్ రికార్డు గురించి ఏ ఫిర్యాదు వచ్చినా ముందుగా చేయవలసిన పని ఒకటే. పీడీఎఫ్ తెరిచి, అందులోని శీర్షిక పుటను రికార్డు పక్కన పెట్టుకొని, పదం పదం పోల్చి చదవాలి. సమర్పణ ఫారంలో విద్యార్థి నింపిన వివరాలు ఎలాగూ ఉన్నాయి కదా అని ఎక్కువ మంది ఈ పనిని దాటవేస్తారు. ఆ ఫారం తరచుగా మౌఖిక పరీక్షకు ముందే నింపినదై ఉంటుంది. పరీక్షకుల సూచన మీద శీర్షిక మారితే కొత్త శీర్షిక పీడీఎఫ్‌లోకి చేరుతుంది, పాతది ఫారంలోనే మిగిలిపోతుంది. అలాంటప్పుడు మార్క్ రికార్డులో (కేటలాగు వివరాలను అంకెల పేర్లున్న ఫీల్డ్‌లుగా దాచే రూపం) అసలు శీర్షిక ఉండే 245 ఫీల్డ్‌లో శీర్షిక పుట మీద ఉన్నదే ఉండాలి. పాత శీర్షికను ఎవరో ఒకరు ఇప్పటికే ఉదహరించి ఉండవచ్చు కాబట్టి దాన్ని పారేయకుండా మారు శీర్షికలకు కేటాయించిన 246లో ఉంచాలి.

లక్షణం: లింకు తెరుచుకోదు

లింకు ఉండే 856 ఫీల్డ్‌లో ఇచ్చినది రిపాజిటరీలోని (థీసిస్ ఫైళ్ళను దాచే డిజిటల్ భాండాగారం) అంశం పుటకు చెందిన శాశ్వత చిరునామా అయిన హ్యాండిల్‌నా, లేక నేరుగా ఆ పీడీఎఫ్ ఫైలు చిరునామానా అన్నది చూడండి. విద్యార్థి సవరించిన ప్రతిని ఇచ్చి ఫైలు మార్చినప్పుడు ఫైలు చిరునామా మారిపోవచ్చు, హ్యాండిల్ మాత్రం మారదు. అందుచేత రికార్డులో ఎప్పుడూ హ్యాండిల్‌నే ఇవ్వాలి. హ్యాండిల్ సరిగా ఉండి కూడా లాగిన్ అడుగుతుంటే అది ఎంబార్గో, అంటే ఫైలును కొంతకాలం అందరికీ తెరవకుండా ఆపి ఉంచడం, కావచ్చు. ఎంబార్గో ఉన్నంతకాలం దాని గడువు వాడకపు పరిమితులు రాసే 506లో కనిపించాలి, గడువు తీరిన రోజున ఆ గమనికను తీసివేయాలి. ఈ రెండో పనిని ఎవరూ గుర్తుంచుకోరు కాబట్టి రికార్డు తయారుచేసిన రోజే ఆ తేదీని పనుల క్యాలెండరులో రాసి పెట్టుకోవడం మంచిది.

లక్షణం: సంవత్సరం తప్పుగా కనిపిస్తుంది

రిపాజిటరీ నుంచి ఓఏఐ-పీఎంహెచ్ (ఒక వ్యవస్థలోని రికార్డుల వివరాలను మరోదానికి తెచ్చుకొనే పద్ధతి) ద్వారా సాదా డబ్లిన్ కోర్ అనే వివరాల రూపంలో రికార్డులు తెచ్చుకొనే చోట ఇది తప్పక ఎదురవుతుంది. సాదా డబ్లిన్ కోర్‌లో ఉన్నవి 15 అంశాలే. డీస్పేస్ అనే రిపాజిటరీ సాఫ్ట్‌వేర్ విడివిడిగా దాచుకొన్న సమర్పణ తేదీ, అందుబాటులోకి వచ్చిన తేదీ, వెలువడిన తేదీ అన్నీ బయటికి వచ్చేసరికి ఒకే 'డేట్' అంశం కింద వరుసగా నిలబడతాయి, కేటలాగు వాటిలో మొదటిదాన్ని పట్టుకొంటుంది. పర్యవేక్షకుల పేరుకూ ఇదే గతి పడుతుంది. పర్యవేక్షకులు అన్న గుర్తింపు పోయి, ఆ పేరు ఉత్తి 'కంట్రిబ్యూటర్'గా మిగులుతుంది. పట్టా ఇచ్చిన సంవత్సరాన్ని థీసిస్ గమనిక ఉండే 502లోని డి సబ్‌ఫీల్డ్‌లో శీర్షిక పుటను చూసి రాయండి, పర్యవేక్షకుల పేరును అదనపు పేర్లు ఉండే 700లో వారి పాత్రతో సహా ఇవ్వండి. రికార్డుల సంఖ్య పెద్దదైతే చేతితో దిద్దుతూ కూర్చోకుండా, వివరాలను విడిగా నిలిపే, థీసిస్‌ల కోసమే తయారైన ఈటీడీ-ఎంఎస్ వంటి రూపంలో తెచ్చుకొనే ఏర్పాటు చేయించండి.

లక్షణం: రికార్డు ఉంది, శీర్షిక సరిగానే ఉంది, అయినా పాఠకులకు దొరకడం లేదు

నన్ను ఎక్కువ కాలం ఇబ్బంది పెట్టినది ఇదే. ఒక పరిశోధకుడు తన థీసిస్ కేటలాగులో లేదని రాశారు. నేను రికార్డు తెరిచి, శీర్షికను కాపీ చేసి, వెతికే పెట్టెలో అతికించి చూస్తే వెంటనే దొరికింది. ఉందని జవాబు పంపాను. లేదని ఆయన మళ్ళీ రాశారు, నేను మళ్ళీ అదే విధంగా వెతికి అదే జవాబు ఇచ్చాను. మూడోసారి ఆయన స్వయంగా వచ్చి నా ఎదుటే శీర్షికను టైపు చేసి చూపించారు. ఫలితాలు సున్నా. తప్పు నా పరీక్షలోనే ఉంది. రికార్డులోని అక్షరాలతో రికార్డును వెతికితే, ఆ అక్షరాలు ఎంత చెడిపోయి ఉన్నా, అది దొరకక ఏమవుతుంది?

కారణం పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన శీర్షిక. పీడీఎఫ్ అన్నది పుట కంటికి ఎలా కనిపించాలో చెప్పే ఫైలు, దాని నుంచి బయటికి వచ్చే అక్షరాలు మనం కీబోర్డు మీద కొట్టే అక్షరాలే కావాలన్న నియమం లేదు. ఇంగ్లీషు శీర్షికలో 'క్లాసిఫికేషన్' అన్న మాట ఉంటే, అందులోని ఎఫ్, ఐ అక్షరాలు రెండూ కలిసి యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక సంకేతం ఇచ్చే ప్రమాణం) ఎఫ్‌బీ01 అనే ఒకే జంటాక్షరంగా రావచ్చు. పంక్తి చివర మాట విరిగిన చోట కంటికి కనిపించని మృదు హైఫన్ మిగిలిపోవచ్చు. మామూలు ఖాళీకి బదులు విడదీయరాని ఖాళీ రావచ్చు. తెర మీద ఇవేవీ తేడాగా కనిపించవు, కానీ వెతుకులాటకు ఆధారమైన పదాల పట్టికకు, అంటే ఇండెక్స్‌కు, అది వేరే మాట.

తెలుగు శీర్షికల్లో దీనికి మరో రెండు తోడవుతాయి. 'వైద్యం' అన్న మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు గుర్తును చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో పొల్లును నిలిపి ఉంచేది కనిపించని ఒక విభాజకం. దాన్ని రాయని కీబోర్డుతో వెతికే పాఠకుడికి, రాసిన రికార్డు దొరకకపోవచ్చు.

గుర్తించడం సులభమే. శీర్షికలోని పదాలను చేతితో టైపు చేసి ఒక్కొక్కటిగా వెతకండి. ఏ పదం దగ్గర ఫలితం ఆగిపోతుందో లోపం ఆ పదంలోనే ఉంది. ఇంగ్లీషు పదమైతే కర్సర్‌ను బాణం మీటతో ఒక్కొక్క అక్షరం జరిపి చూడండి. ఒకే నొక్కుకు రెండు అక్షరాలు దాటితే జంటాక్షరం, నొక్కినా కదలకుండా నిలిచిపోతే అదృశ్య అక్షరం. తెలుగులో కర్సర్ సాధారణంగా అక్షర గుచ్ఛాన్ని మొత్తంగా దాటుతుంది కాబట్టి, సంకేతాలను చూపించే టెక్స్ట్ ఎడిటర్ వాడక తప్పదు.

ఒకటి రెండు రికార్డులైతే ఆ పదాన్ని పూర్తిగా చెరిపి మళ్ళీ టైపు చేయడమే ఉత్తమం. వందల రికార్డులైతే యూనికోడ్ సాధారణీకరణ, అంటే ఒకే అక్షరానికి ఉన్న వేర్వేరు సంకేత రూపాలను ఒకటిగా చేయడం, అవసరం, ఇక్కడ మాత్రం తొందరపడకూడదు. ఎన్ఎఫ్‌సీ పద్ధతి రెండు సంకేతాల ఐత్వాన్ని ఒకటిగా కలుపుతుంది గాని జంటాక్షరాన్ని విడదీయదు. ఎన్ఎఫ్‌కేసీ విడదీస్తుంది, కానీ దానితోపాటు శాస్త్ర విషయాల శీర్షికల్లోని ఘాతాంకాలనూ పాదాంకాలనూ మామూలు అంకెలుగా మార్చేస్తుంది. వర్గం గుర్తు పెట్టిన ఎక్స్ కాస్తా ఎక్స్ పక్కన రెండు అవుతుంది. పైగా మృదు హైఫన్‌ను ఆ రెండు పద్ధతులూ తాకవు, దాన్ని విడిగా వెతికి తీసివేయాలి. తెలుగులోని విభాజకాన్ని మాత్రం రికార్డు నుంచి తీసివేయకండి, తీసివేస్తే మాట రూపమే మారిపోతుంది. దాన్ని ఇండెక్స్ దగ్గర పట్టించుకోకుండా చేయించడం సరైన మార్గం. సోలర్, ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతుకులాట సాఫ్ట్‌వేర్లు రెండింటిలోనూ ఐసీయూ నార్మలైజర్ ఆ పని చేస్తుంది. సెట్టింగు మార్చాక ఇండెక్స్‌ను తిరిగి నిర్మించకపోతే పాత రికార్డుల్లో ఏ మార్పూ రాదు.

అన్నింటికన్నా ముఖ్యంగా, దిద్దుబాటు రిపాజిటరీలో మొదలు కావాలి. కేటలాగులో మాత్రమే దిద్దితే తరువాతి హార్వెస్ట్‌లో, అంటే రిపాజిటరీ నుంచి మళ్ళీ రికార్డులు తెచ్చుకొన్నప్పుడు, ఆ పాడైన శీర్షికే తిరిగి వచ్చి మీ దిద్దుబాటు మీద కూర్చుంటుంది. నేను ఒకే శీర్షికను మూడుసార్లు దిద్దిన తరువాత గాని ఇది గ్రహించలేదు.

మిగిలినవి అరుదు. అక్షరాలన్నీ గజిబిజిగా కనిపిస్తే మార్క్ రికార్డు మొదట్లో ఉండే లీడర్‌లో 09 స్థానం చూడండి, సమాచారం యూనికోడ్‌లో ఉన్నప్పుడు అక్కడ ఇంగ్లీషు చిన్న 'ఎ' ఉండాలి. ఒకే థీసిస్‌కు రెండు రికార్డులు కనిపిస్తే ఒకటి అచ్చు ప్రతిది కావచ్చు, ఒకే రచన వేర్వేరు రూపాలను కలిపే 776తో రెండింటినీ ముడివేయండి. తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయంటే, దాన్ని యూనికోడ్‌కు ముందటి ఫాంటుతో టైపు చేసి ఉంటారు. అక్కడ కాపీ ఆలోచన మానుకొని శీర్షికను చూసి టైపు చేయండి.