మన సిస్టమ్ మనమే చూసుకుందాం – 3వ పాఠం: అప్‌డేట్‌కి ముహూర్తం

పోయిన పాఠంలో స్టార్ట్ నొక్కి ఇంగ్లీషులో ‘విన్‌వర్’ అని కొట్టి, వచ్చిన చిన్న డబ్బాలో మీ విండోస్ ఏదో చూసి నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. రాసుకునే ఉంటారు. 10 అని వచ్చినవాళ్లు కంగారు పడకండి, మీ సంగతి చివర్లో చెప్తాను. ఈసారి నేర్చుకునేది ఒక్క పనే. అప్‌డేట్ వచ్చి మన నెత్తిన పడకముందే మనమే ఒక రోజు చూసుకుని, తీరిగ్గా కూర్చుని వేసుకోవడం.

నేను ఇది నేర్చుకున్నది మా బాబాయి పుణ్యాన. గుంటూరు మిర్చి యార్డులో ఆయనకి కమీషన్ కొట్టు ఉంది. ఏప్రిల్ నెల, సీజన్ మంచి ఊపులో ఉంది, కాటాలు అయిపోయి రైతులకి పట్టీలు (లెక్క చీటీలు) ప్రింట్ తీసే వేళ. ఫోన్ చేశాడు. “ఏరా, సిస్టమ్ దానంతటదే ఆగి మళ్లీ మొదలైంది, నీలం తెర మీద 35 శాతం అని గంట నుంచి గుండ్రంగా తిరుగుతా ఉంది, ఏం చేయమంటావు?” “ముట్టుకోకు బాబాయ్, వస్తున్నా” అన్నాను. అరండల్‌పేట నుంచి మిర్చి టిక్కీల (బస్తాల) లారీల మధ్య బండి తోలుకుంటూ వెళ్లేసరికి, రైతులు తొందర పెడుతున్నారని గుమస్తా ప్లగ్గు దగ్గరే స్విచ్ కట్టేసి మళ్లీ వేశాడు. ఇంకేముంది, ‘ఆటోమేటిక్ రిపేర్’ అని వచ్చి, ఆగి, మళ్లీ అదే. ఆ రోజు పట్టీలన్నీ చేత్తో రాశారు. నేను ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు.

గుమస్తాని తిట్టి లాభం లేదు. అసలు కథ ఐదు వారాల ముందు మొదలైంది. సీజన్ కదా అని బాబాయే అప్‌డేట్‌ని ‘పాజ్’ చేయించుకున్నాడు. విండోస్ అలా ఐదు వారాలే ఆగనిస్తుంది, ఆ తర్వాత మన మాట వినదు, పోగుపడిందంతా ఒక్కసారి దించుకుంటుంది. ఐదు వారాల పాజ్ అంటే వాయిదా అని మనం అనుకుంటాం గానీ, నిజానికి అది ముహూర్తం పెట్టే పని మైక్రోసాఫ్ట్ చేతికి ఇచ్చేయడం.

‘అయితే మొత్తానికే ఆపేస్తే పోలా?’ అంటారు కొందరు. బెజవాడ గవర్నరుపేటలో నాకు తెలిసిన జిరాక్స్ షాపాయన ఒకరు ఎవరో టెక్నీషియన్‌తో అప్‌డేట్ సర్వీసే ఆపించేశారు, “హాయిగా ఉందండీ, మూడేళ్ల నుంచి టెన్షన్ లేదు” అంటారు. ఊళ్లో వాళ్లందరి పెన్‌డ్రైవ్‌లూ పెట్టుకునే మిషన్ అది! ఆయనకి నేను వన్నాక్రై సంగతి చెప్పాను, మీకూ చెప్తాను.

2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ బయల్దేరింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కడితేనే తీస్తానంది. 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకి పైగా కంప్యూటర్లు పడ్డాయి, బ్రిటన్‌లో ఆసుపత్రులు పేషెంట్లని వెనక్కి పంపాయి, మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. దీనికి ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు, ఒక మిషన్‌లో దూరితే నెట్‌వర్క్‌లో ఉన్న పక్క మిషన్‌కి అదే పాకుతుంది. బాధ ఎక్కడంటే, అది దూరిన విండోస్ లోపాన్ని, అంటే ఆ కన్నాన్ని, పూడ్చే ప్యాచ్‌ని (సరిదిద్దే అప్‌డేట్‌ని) మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది. అంటే 59 రోజుల ముందు. పడ్డవాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 మిషన్లు, వాటికి ప్యాచ్ ఉంది, వేసుకోలేదంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. ప్యాచ్ బయటికి రాగానే దొంగలు దాన్ని విప్పి చూస్తారు. గోడ మీద కొత్తగా సిమెంటు ఎక్కడ పూశారో చూస్తే, పూయని ఇళ్లలో కన్నం ఎక్కడుందో తెలిసిపోతుంది కదా. కాబట్టి అప్‌డేట్ విడుదలైన రోజు నుంచి వేసుకోనివాళ్లకి ప్రమాదం ముందుకన్నా పెరుగుతుంది.

అలాగని వచ్చిన గంటలోనే వేసేసుకోమని కూడా నేను చెప్పను. అప్‌డేట్లే కొంప ముంచిన సందర్భాలు ఉన్నాయి. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్స్ ఫోల్డర్లనే చెరిపేస్తే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది. 2021 జులైలో ప్రింటర్ల కన్నానికి హడావిడిగా ఇచ్చిన ప్యాచ్ వల్ల కొన్ని రకాల లేబుల్ ప్రింటర్లు మూగబోయాయి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు ఫైలుకి 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెరతో పడిపోయాయి, మన ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు గుర్తుందా? (అది విండోస్ అప్‌డేట్ కాదు, కానీ ఆ రోజు తిట్లు మాత్రం విండోస్‌కే పడ్డాయి.) ఇలాంటి గొడవ ఏదైనా ఉంటే మొదటి నాలుగైదు రోజుల్లోనే చాలావరకు బయటపడుతుంది.

ఇక ముహూర్తం. విండోస్ నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్ ప్రతి నెలా రెండో మంగళవారం వస్తుంది, 2003 నుంచి ఇదే పద్ధతి. మనకి అప్పటికి రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది కాబట్టి మన మిషన్‌కి బుధవారం వచ్చినట్టే లెక్క. రెండో మంగళవారం ఎప్పుడైనా 8కి, 14కి మధ్యలోనే పడుతుంది. నెలనెలా కొట్టే జీఎస్టీ అమ్మకాల రిటర్ను, జీఎస్టీఆర్-1 గడువు 11. ఇప్పుడర్థమైందా, నెలనెలా సరిగ్గా రిటర్ను కొట్టే రోజుల్లోనే సిస్టమ్ ఎందుకు మొరాయిస్తుందో? ఆ మంగళవారం తర్వాత వచ్చే ఆదివారం 13కి, 19కి మధ్య పడుతుంది. అప్పటికి 11 దాటిపోయింది, పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీ గడువు 20 ఇంకా రాలేదు, కొట్టుకి సెలవు, తలకాయ నొప్పులు ఏమైనా ఉంటే జనానికి తెలిసిపోయి ఉంటాయి. మన ముహూర్తం ఆ ఆదివారమే. 19నే ఆదివారం అయిన నెలలో మాత్రం 3బీని శనివారమే కొట్టేసి కూర్చోండి.

ఆ ఆదివారం పొద్దున, కరెంటు కోత లేదని చూసుకుని మొదలుపెట్టండి. గుంటూరు మే ఎండలకి యూపీఎస్ బ్యాటరీ రెండు వేసవులకే నీరసపడుతుంది, దాన్ని గుడ్డిగా నమ్మకండి. ముందు టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) బ్యాకప్, ముఖ్యమైన ఫోల్డర్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసి, ఆ పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకోండి. పీకమని ఎందుకంటున్నానంటే, మిషన్‌కి తగిలించి ఉన్న బ్యాకప్‌కి కూడా రాన్సమ్‌వేర్ తాళం వేసేస్తుంది. సీ డ్రైవ్‌లో 20 జీబీ అయినా ఖాళీ ఉండాలని నా లెక్క. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టండి, బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కనబడుతుంది, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అప్‌డేట్ తర్వాత ఎప్పుడైనా నీలం తెర మీద ఆ కీ అడిగితే అది లేనివాళ్లకి డేటా మీద ఆశ వదులుకోవడం తప్ప దారి ఉండదు.

ఇప్పుడు సిస్టమ్‌ని ఒకసారి రీస్టార్ట్ కొట్టండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్టే. చాలా మిషన్లలో షట్‌డౌన్ అంటే సగం నిద్రే, లోపలి పాత చెత్త అలాగే ఉంటుంది. తర్వాత సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కి వెళ్లి ‘చెక్ ఫర్ అప్‌డేట్స్’ నొక్కండి. ఆప్షనల్ కింద ‘ప్రివ్యూ’ అని రాసి ఉన్నవాటి జోలికి పోకండి, అవి వచ్చే నెల సరుకుని ముందే మన మీద రుచి చూడటం. ప్రింటర్ బాగానే పనిచేస్తుంటే దాని డ్రైవర్‌నీ (ప్రింటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్‌నీ) కదపకండి. పనిలో పనిగా ‘యాక్టివ్ అవర్స్’ని పొద్దున 6 నుంచి రాత్రి 12 దాకా పెట్టేయండి, 18 గంటలే ఇస్తుంది, కానీ ఆ వేళల్లో దానంతటది రీస్టార్ట్ అవ్వదు.

శాతం ఒకచోట ఆగిపోతే? పాత హార్డ్ డిస్క్ మిషన్లలో 30 దగ్గర అరగంట నిలబడటం మామూలే. తెర చూడకండి, క్యాబినెట్ మీద మిణుకుమనే చిన్న లైటు చూడండి. అది కొట్టుకుంటున్నంతసేపు పని జరుగుతున్నట్టే, టీ తాగి రండి. రెండు మూడు గంటలైనా శాతం కదలక, లైటు కూడా చచ్చిపోయిందంటే అప్పుడు పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని ఆపండి. చాలాసార్లు ‘అన్‌డూయింగ్ ఛేంజెస్’ అని తనే వెనక్కి వెళ్తుంది. అలా కాక రిపేర్ తెర వస్తే, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, అందులో క్వాలిటీ అప్‌డేట్ (నెలవారీది) తీసేయండి. బాబాయి సిస్టమ్ ఆ రాత్రి లేచింది దీంతోనే.

డౌన్‌లోడే ఫెయిల్ అవుతుంటే వేరే మందు. స్టార్ట్‌లో ‘సర్వీసెస్’ అని వెతికి తెరిచి విండోస్ అప్‌డేట్‌ని స్టాప్ చేయండి. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, దాంట్లో సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్, దాంట్లో డౌన్‌లోడ్. ఆ డౌన్‌లోడ్ లోపల ఉన్నదంతా తుడిచేసి, సర్వీస్ మళ్లీ స్టార్ట్ చేసి చెక్ కొట్టండి. సగం దిగి పాడైన ఫైళ్లు పోయి కొత్తవి దిగుతాయి. పక్క ఫోల్డర్లని మాత్రం చెరపకండి.

దొంగ అప్‌డేట్ల గురించి ఒక్క మాట. విండోస్ అప్‌డేట్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. బ్రౌజర్‌లో ఏదో పేజీ చూస్తుంటే ‘మీ క్రోమ్ పాతబడింది, ఇక్కడ నొక్కండి’ అన్నా, తెర నిండా ఎర్రగా సైరన్ మోగుతూ ఫోన్ నంబర్ ఇచ్చినా, అది మోసమే. ఆల్ట్, ఎఫ్ 4 కలిపి నొక్కి మూసేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

విండోస్ 10 వాళ్లకి: ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడుకునేవాళ్లు ఈఎస్‌యూ అనే పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా ప్యాచ్‌లు వస్తాయి. మిషన్‌లో టీపీఎమ్ 2.0 (సెక్యూరిటీ చిప్) ఉండి, ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరానిదో ఆ తర్వాతదో అయితే 11కి వెళ్లండి. లేదంటే ఆ మిషన్‌లో బ్యాంకు పనులు మానేసి కొత్తదానికి డబ్బు కూడబెట్టుకోండి. బాబాయి పాత మిషన్ ఇప్పుడు నెట్ లేకుండా కాటా లెక్కలకే వాడుతున్నాం.

హోంవర్క్: సెట్టింగ్స్‌లో అప్‌డేట్ హిస్టరీ తెరిచి, చివరగా వేసుకున్న సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ, కేబీ పక్కన ఉన్న ఏడంకెల నంబరు నోట్‌బుక్‌లో రాయండి. తేదీ 59 రోజుల కంటే పాతదైతే ఎర్ర పెన్నుతో రాయండి. వచ్చే నెల ముహూర్తం ఏ ఆదివారమో క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టండి. నాలుగో పాఠంలో ఆ జిరాక్స్ షాపాయన దగ్గరికే వెళ్దాం, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయిన పెన్‌డ్రైవ్ ఒకటి నా కోసం దాచిపెట్టారు.