మట్టల ఆదివారం నుంచి ఈస్టర్ తెల్లవారుజాము దాకా: సంఘ పెద్దలు చూసుకోవాల్సినవి

క్రిస్మస్‌ తేదీ మారదు, అప్పుడు చలికాలం కూడాను. ఎంతమంది వచ్చినా ఎలాగో సర్దుకుపోతాం. ఈస్టర్‌తో అలా కుదరదు. మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఏ ఆదివారమైనా పడొచ్చు. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28, 2028లో ఏప్రిల్ 16. మార్చి ఎండకీ ఏప్రిల్ నడిమి ఎండకీ ఎంత తేడానో గుంటూరు వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పైగా మట్టల ఆదివారం, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) ఇచ్చే గురువారం, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ అని ఎనిమిది రోజుల్లో నాలుగు పెద్ద ఆరాధనలు, అన్నిటికీ పరిగెత్తేది అదే పదిమంది. చాలా ఏళ్లుగా సంఘంలో ఏర్పాట్లు చూస్తున్నాను. ఈ వారంలో జరిగిన పొరపాట్లలో చాలావరకు నిద్రలేని మనిషి చేతిలోనే జరిగాయి. అందుకే శుక్రవారం పనిచేసిన వాళ్లకి శనివారం రాత్రి పని పెట్టకండి. రెండు జట్లు వేయండి.

ముందుగా పంచాంగం చూడండి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఈస్టర్ లెక్కంతా పున్నమి తర్వాత వచ్చే ఆదివారం మీదే నడుస్తుంది. కాబట్టి మన పండుగకి ముందు వారం రోజుల్లోనే ఏదో ఒక పున్నమి ఉండి తీరుతుంది. అది ఫాల్గుణ పున్నమి అయితే హోలీ, చైత్ర పున్నమి అయితే హనుమజ్జయంతి. 2024లో హోలీ మార్చి 25, అదే వారం 29న గుడ్ ఫ్రైడే. 2026లో హనుమజ్జయంతి ఏప్రిల్ 2, మనకి ప్రభువు బల్ల ఇచ్చే గురువారం. 2027లో మట్టల ఆదివారం మర్నాడే హోలీ. ఒకే రోడ్డు మీద రెండు ఊరేగింపులు ఎదురుపడకుండా దారి, వేళ ముందే రాసి పోలీస్ స్టేషన్‌లో అర్జీ ఇవ్వండి. అవతలి పెద్దలతో ఒక్కసారి టీ తాగుతూ మాట్లాడుకుంటే అర్జీ కంటే ఎక్కువ పని జరుగుతుంది. పదో తరగతి పరీక్షలు కూడా ఈ రోజుల్లోనే ఉంటాయి. సాయంత్రం ప్రార్థన కూటాల్లో మైకు తగ్గించండి.

మట్టల సంగతి. ఈత మట్ట మొదట్లో ఆకులు సూదుల్లాంటి ముళ్లుగా ఉంటాయి. సండే స్కూల్ పిల్లలు మట్టలు ఊపుకుంటూ వరసలో నడిస్తే ఆ ముళ్లు సరిగ్గా పక్కవాడి కంటి ఎత్తులో ఆడతాయి. శనివారమే ముళ్లు చెక్కేసి పిల్లలకి ఇవ్వండి. మన కుర్రాళ్లని చెట్టెక్కించకండి, గీత పనివాళ్లకి చెప్పండి. చెట్టు వాళ్ల బతుకుదెరువు కాబట్టి అడిగి తీసుకోవడం మర్యాద కూడా. మొవ్వ జోలికి వెళ్లనే వద్దు, మొవ్వ పోతే చెట్టే పోతుంది.

గురువారం బల్లకి ద్రాక్షారసం ఇంట్లో కాచేవాళ్లుంటే బుధవారం కాచి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఈ ఎండలకి బయట ఉంచితే పొంగిపోతుంది.

ఇక గుడ్ ఫ్రైడే. పన్నెండు నుంచి మూడు దాకా, సరిగ్గా ఎండ మండే వేళ, సగం మంది ఉపవాసంతో, తెల్లబట్టలు కట్టుకుని, రేకుల కింద కూర్చుంటారు. ఇంతకంటే కష్టమైన మూడు గంటలు సంఘానికి ఏడాదిలో ఇంకెప్పుడూ ఉండవు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఉపవాసం ఉంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఈ మాట మట్టల ఆదివారం నాడే పాస్టరు గారి నోట చెప్పించండి. మనం చెబితే పెద్దవాళ్లు వినరు, "నలభై ఏళ్లుగా ఉంటున్నాను బాబూ" అంటారు. అయ్యగారు చెబితే వింటారు. మంచినీళ్లు లోపలే, వరసల మధ్యకి తెచ్చి ఇవ్వాలి. లేచి బయటికి వెళ్లడం మొహమాటమని గొంతెండినా కూర్చునేవాళ్లే ఎక్కువ. పలచని మజ్జిగ, ఓఆర్ఎస్ పొట్లాలు దగ్గరుంచండి. ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా నీడకి చేర్చి, తడిబట్టతో ఒళ్లంతా తుడుస్తూ విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

ఆ రోజు ఇంకో ప్రమాదం ప్రసంగాలది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. లెక్క చూడండి: మొత్తం 180 నిమిషాలు. ఏడు కీర్తనలకి అయిదేసి చొప్పున 35, ప్రార్థనలకీ పాఠాలకీ కానుకలకీ 40. మిగిలిన 105ని ఏడుగురికి పంచితే ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. మొదటి మాట చెప్పేవారు నలభై తీసుకుంటే ఆరో మాట "సమాప్తమైనది" దగ్గరికి వచ్చేసరికి జనం నిజంగానే సమాప్తమై ఉంటారు, ఏడో మాటకి ఒక్క నిమిషం కూడా మిగలదు. పన్నెండో నిమిషానికి చీటీ అందించే మనిషిని ముందే పెట్టుకోండి. అతనికి కొంచెం ధైర్యం ఉండాలి.

సిలువ నాటకం వేస్తే సిలువని తేలిక కర్రతో చేయించండి. మోసే అబ్బాయి ఆ రోజు ఉపవాసం ఉండకూడదు. సిలువ మీద నిలబెట్టేటప్పుడు కాళ్ల కింద పీట గట్టిగా ఉండాలి, చేతులకి కట్టే తాడు ఒక్క లాగుతో ఊడిరావాలి. షామియానా వేస్తే గుంజలు లోతుగా పాతించండి. సాయంత్రం ఈదురుగాలి లేస్తే మొదట ఎగిరేది అదే. కరెంటు పోతే జనరేటర్ బయట, కిటికీలకి దూరంగా ఉండాలి. దాని పొగ లోపలికి వస్తే ప్రాణాలకే ముప్పు.

ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన సమాధుల దగ్గరే కాబట్టి, ముందు వారం సమాధుల తోట శుభ్రం చేయించాలి. ఎండుగడ్డి మోకాలెత్తు ఉంటుంది, పాములు ఉంటాయి. పగటిపూట, బూట్లు వేసుకుని, కర్రతో తడుతూ కోయాలి. కోసిన గడ్డిని అక్కడే తగలబెట్టకండి, బయటికి మోయించండి. సమాధులకి వేసే సున్నం ముందురోజే నానబెట్టాలి. రాళ్ల సున్నం మీద నీళ్లు పోస్తే ఉడికి చిందుతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

తెల్లవారుజాము మైకు గురించి చాలామందికి తెలియనిది ఒకటుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండుగ రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇచ్చినా అది అర్ధరాత్రి దాకానే. నాలుగున్నర ఆరాధనకి అది వర్తించదు. కాబట్టి మైకు లేకుండా ఒట్టి గొంతులతో, కంజిరాతో, తాళాలతో పాడుకోండి. సమాధుల మధ్య ఆ చీకట్లో అలా పాడితేనే బాగుంటుందని నా అభిప్రాయం.

మూడున్నరకి రోడ్డెక్కే ఊరేగింపంటే నాకు ఎప్పుడూ భయమే. లారీ డ్రైవర్లకి కునుకు పట్టే వేళ అది. హైవే దాటకుండా లోపలి దారి చూసుకోండి. ముందొక బండి, వెనకొక బండి లైట్లు వెలిగించుకుని నెమ్మదిగా నడవాలి. పల్లెల నుంచి ట్రాక్టర్ ట్రక్కుల్లో జనాన్ని తీసుకురావద్దు, ఆటోలు మాట్లాడండి.

కొవ్వొత్తులు. ఒక ఏడాది మా వరసలో వెనక పిల్ల చేతిలోని మంట ముందు పిల్ల ఓణీ చెంగుకి అంటుకుంది. ఒక పెద్దాయన గోనెపట్టా విసిరి కప్పడంతో గండం తప్పింది. అప్పటినుంచి పదేళ్లలోపు పిల్లలకి బ్యాటరీ దీపాలే ఇస్తున్నాం, మిగతావాళ్లు రెండు బారల ఎడంతో నడుస్తారు. బట్ట అంటుకుంటే పరిగెత్తనివ్వకండి, పడుకోబెట్టి మందపాటి నూలు దుప్పటి కప్పండి. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయాలి, టూత్‌పేస్ట్ పూయకూడదు.

సమాధుల మీద కొవ్వొత్తిని ఇసుక పోసిన మట్టి మూకుడులో నిలబెట్టించండి. ఆరాధన అయ్యాక అందరూ ఇడ్లీల వైపు నడుస్తారు. చివరి కొవ్వొత్తి ఆరిందో లేదో చూసి గేటుకి తాళం వేసే పని ఒక్కరికి, పేరు పెట్టి, శనివారమే అప్పగించండి.