నయాగరాకి బస్సా, కారా? ముందు డ్రైవర్ నిద్ర సంగతి చూడండి

2025 ఆగస్టు 22న నయాగరా చూసి న్యూయార్క్ సిటీకి తిరిగొస్తున్న టూరిస్టు బస్సు బఫెలో దాటాక పెంబ్రోక్ దగ్గర ఐ-90 మీద అదుపు తప్పి బోల్తా పడింది. ఐదుగురు చనిపోయారు. లోపల ఉన్న 50 మందికి పైగా ప్రయాణికుల్లో మన దేశం వాళ్ళు చాలామందే ఉన్నారు. డ్రైవర్ ధ్యాస మళ్ళిందని, చాలామంది బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. కొందరు బస్సులోంచి బయటికి ఎగిరిపడ్డారు.

ఆ వార్త వచ్చినప్పటి నుంచి న్యూజెర్సీలో మా ఎడిసన్ చుట్టుపక్కల ఎవర్ని కదిపినా ఒకటే మాట: "బస్సులు వద్దు బాబూ, మన కారే నయం." ఇప్పుడేమో ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగే సీజన్. మెమోరియల్ డే, జూలై నాలుగు, ఏ లాంగ్ వీకెండ్ వచ్చినా ముందు గుర్తొచ్చేది నయాగరానే. బస్సు మీద భయంతో ఈసారి ఇంకా ఎక్కువమంది కారు తీస్తారు. నా టెన్షన్ అంతా వాళ్ళ గురించే. ఎందుకంటే వాళ్ళలో సగంమంది శుక్రవారం రాత్రి బయల్దేరతారు.

జనాన్ని ముంచేది ఇదే. శుక్రవారం లాగౌట్ చేసి, అన్నం తిని, పెద్దవాళ్ళని వెనక ఎక్కించి, ఎనిమిదికో తొమ్మిదికో స్టీరింగ్ పట్టుకోవడం. "రాత్రయితే ట్రాఫిక్ ఉండదు, పిల్లలు నిద్రపోతారు, ఒక హోటల్ రాత్రి మిగులుతుంది." మూడు కారణాలూ వినడానికి బాగానే ఉంటాయి. ఎడిసన్ నుంచి నయాగరా దాదాపు 400 మైళ్ళు. ఆగకుండా పోతే ఏడు గంటలు, పెద్దవాళ్ళతో అయితే ఎనిమిది. అంటే చేరేసరికి తెల్లవారుజాము నాలుగు. పొద్దున ఏడింటికి లేచిన మనిషి అప్పటికి 21 గంటలుగా మేలుకుని ఉన్నాడు. 17 గంటలు మేలుకుంటే మనిషి తీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలా ఉంటుందని, 24 గంటలైతే 0.10 శాతం ఉన్నవాడిలా ఉంటుందని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. న్యూయార్క్‌లో తాగి నడిపినందుకు పట్టుకునే హద్దు 0.08. మందు వాసన కూడా పడని మన సాఫ్ట్‌వేర్ అబ్బాయి, అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టుకుని, ఆ హద్దు దగ్గర్లో బండి నడుపుతున్నాడన్నమాట.

రాత్రి రెండు గంటలప్పుడు న్యూయార్క్ త్రూవే (టోల్ హైవే) మీద ఏ సర్వీస్ ప్లాజాలో ఆగినా ఇలాంటి కారు ఒకటి కనిపిస్తుంది. డ్రైవర్ బయట నిలబడి సీసాలో నీళ్ళు మొహాన కొట్టుకుంటుంటాడు. ముందు సీట్లో భార్య మెడ వాల్చేసి నిద్ర. వెనక అత్తగారు, చీర నలుగుతుందని బెల్టు వీపు వెనక్కి తోసేసి, శాలువా కప్పుకుని ఉంటుంది. మామగారు ఒక్కరే మేలుకుని, "బాబూ, కాసేపు పడుకోరాదూ?" అంటారు. "పర్లేదు మామయ్యా, నాకు అలవాటే." ఆ అలవాటే అనే మాట నమ్మకండి. నిద్ర చాలని మెదడు ముందు పోగొట్టుకునేది తన పరిస్థితి తను పసిగట్టే తెలివినే.

65 మైళ్ళ వేగంలో నాలుగు సెకన్లు కన్ను మూతపడితే బండి 380 అడుగులు పోతుంది, పట్టుకున్నవాడు లేకుండా. నిద్రమత్తు ప్రమాదాలు ఎక్కువ జరిగేది అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు మధ్య. మనవాళ్ళు ఖాళీ రోడ్డని ఎంచుకునే టైమూ సరిగ్గా అదే. అద్దం దించడం, ఏసీ పెంచడం, పాటలు గట్టిగా పెట్టడం, ఇవేవీ నిద్రని ఆపవు. కాఫీ తాగి, కారు సేఫ్‌గా ఆపుకుని, 20 నిమిషాలు కునుకు తీస్తే కొంత పని చేస్తుంది. అదీ కాసేపే. లేన్ అసిస్ట్, క్రూజ్ కంట్రోల్ ఉన్న కొత్త కారైతే చేతికి పని తగ్గి ఇంకా త్వరగా కళ్ళు మూతపడతాయి.

మరి శుక్రవారం సాయంత్రమే కదలాలనుకుంటే? ఆరింటికి బయల్దేరండి, పెన్సిల్వేనియాలో స్క్రాంటన్ దగ్గర మోటెల్‌లో దిగండి. అక్కడికి రెండు, రెండున్నర గంటలు. శనివారం పొద్దున టిఫిన్ చేసి కదిలితే మిగిలిన ఐదు గంటలు పగటి వెలుతురులో అయిపోతాయి. జలపాతం మీద రంగు లైట్లు వేసేది ఎలాగూ చీకటి పడ్డాకే.

ఇక బస్సా కారా అన్నది. ఇంట్లో నడిపే మనిషి ఒక్కడే అయితే బస్సే. ఆ ఒక్కడికీ అమెరికాలో మొదటి ఏడాది అయితే మరీ బస్సే. ప్రయాణికుల లెక్కన చూస్తే ఈ దేశంలో బస్సు కారు కంటే సురక్షితమే, పెంబ్రోక్ ఘటనని కలుపుకున్నా. ఇద్దరు బాగా నడిపేవాళ్ళు ఉండి, నాన్నగారికి గంటగంటకీ ఆగాల్సిన అవసరమో, అమ్మకి మోకాళ్ళ నొప్పులో ఉంటే కారు. బస్సు గైడ్ "20 నిమిషాల్లో రండి" అంటే 70 ఏళ్ళ మనిషికి ఆ 20 నిమిషాలు బాత్‌రూమ్ క్యూలోనే అయిపోతాయి. తిండి గురించి నేను చెప్పక్కర్లేదు, పులిహోర ఎలాగూ కడతారు.

బస్సు తీసుకునేవాళ్ళు టికెట్ అమ్మిన వెబ్‌సైటు పేరు చూసి ఊరుకోకండి. బస్సు ఎవరిదో వేరే ఉంటుంది. ఆ ఆపరేటర్ పేరు అడగండి, అమెరికా రవాణా శాఖ ఇచ్చే యూఎస్‌డాట్ నంబర్ అడగండి. ఆ నంబర్ బస్సు పక్కన కూడా రాసి ఉంటుంది. బస్సులు, లారీల భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎంసీఎస్ఏ వారి సేఫర్ సైట్‌లో కొడితే తనిఖీలు, ప్రమాదాల రికార్డు వస్తాయి, డబ్బులేం కట్టక్కర్లేదు. నంబర్ చెప్పడానికి నసిగేవాడి బస్సు ఎక్కకండి. 2016 నవంబర్ తర్వాత తయారైన పెద్ద బస్సులకి సీటు బెల్టులు తప్పనిసరి. ఆ తర్వాత మోడలా అని అడగండి. ఇక్కడా అసలు ప్రశ్న డ్రైవర్ నిద్రే. రూల్ ప్రకారం బస్సు డ్రైవర్ వరుసగా ఎనిమిది గంటలు విశ్రాంతి తీసుకున్నాకే, పది గంటలకి మించకుండా నడపాలి. డ్యూటీ 15 గంటలు దాటాక స్టీరింగ్ ముట్టుకోకూడదు. రాత్రి తీసుకెళ్ళి, పగలు చూపించి, మళ్ళీ రాత్రికి దింపేస్తాం అనే ప్యాకేజీలో ఒకే డ్రైవరా, ఇద్దరా అని అడగండి. ఒక్కడే అంటే వద్దు.

రెండు కుటుంబాలు కలిసి 15 సీట్ల వ్యాన్ అద్దెకి తీసుకునే ఆలోచన ఉంటే మానుకోండి. నిండా జనం ఎక్కి, పైన సామాను కడితే ఆ వ్యాన్ బోల్తా పడే అవకాశం బాగా పెరుగుతుంది. రోజూ చిన్న కారు నడిపేవాడికి దాని బ్రేకు, మలుపు అర్థం కావు. రెండు మామూలు కార్లు తీసుకోండి, ఒకదాని వెనక ఒకటి పరిగెత్తకండి, ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి.

మిగిలినవి:

వెనక సీట్లో కూడా బెల్టు. 2020 నవంబర్ నుంచి న్యూయార్క్‌లో అది చట్టం. "వెనక కూర్చున్నాం కదా" అనే అమ్మకి చెప్పండి, బెల్టు చప్పుడు వినపడేదాకా బండి కదలదని.

బస్సులోనూ అంతే. గైడ్ చెప్పినా చెప్పకపోయినా.

అద్దె కారు అయితే నడిపే ప్రతి ఒక్కరి పేరూ కాగితంలో ఉండాలి. పేరు లేని బావమరిది నడుపుతుండగా దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ చేతులెత్తేయొచ్చు.

పెద్దవాళ్ళకి విజిటర్ ఇన్సూరెన్స్ లేకుండా ఊరు దాటకండి. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకి ఎంతవరకు ఇస్తారో కొనేముందు చదవండి. మందులు చేతి సంచిలోనే, డిక్కీలో కాదు.

దారిలో పెన్సిల్వేనియా పొకోనోస్ కొండల్లో పొద్దు వాలాక జింకలు రోడ్డెక్కుతాయి. ఎదురొస్తే బ్రేకు వేయండి, స్టీరింగ్ తిప్పకండి.

హైవే షోల్డర్ మీద ఫొటోలకి ఆగకండి. టైరు పోయి ఆగాల్సి వస్తే కారు వెనక నిలబడకండి. పిల్లల్ని కుడి పక్క తలుపులోంచి దింపి రెయిలింగ్ అవతలికి పంపండి.

కెనడా వీసా లేకపోతే, అటు దాటించే రెయిన్‌బో బ్రిడ్జి బోర్డు కనపడగానే లేన్ మారండి. బ్రిడ్జి ఎక్కాక వెనక్కి తిప్పే వీలుండదు, రెండు దేశాల ఆఫీసర్లకీ కథ చెప్పుకోవాలి.

జీపీఎస్ చూసే పని పక్క సీటు వాళ్ళది. పక్క సీటులో నిద్రపోయే మనిషిని కూర్చోబెట్టకండి.

డ్రైవర్ ఆవలించాడా, వచ్చే ఎగ్జిట్‌లో దిగండి. దాని తర్వాతది కాదు.

తిరుగు ప్రయాణం కూడా పగలే. వాటర్‌ఫాల్ అంతా తిరిగి, కాళ్ళు పీకుతూ, సోమవారం సాయంత్రం ఆరింటికి బయల్దేరితే అది కూడా శుక్రవారం రాత్రి లాంటిదే, పైగా మంగళవారం తొమ్మిదికి ఆఫీసు స్టాండప్ మీటింగ్ ఉందని తొందరొకటి. మంగళవారానికి లీవ్ ఇప్పుడే పెట్టేయండి. మేనేజర్ ఇవ్వకపోతే సోమవారం పొద్దున్నే బయల్దేరండి, చూడాల్సింది మిగిలిపోయినా సరే.